ఇంజన్ అరుస్తోంది కానీ బండి లాగట్లేదు, క్లచ్ స్లిప్ అంటున్నారు: ముందు ఏం చూడాలి?

ఓరుగల్లు150 | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాది 150 సీసీ బండి, 2014 మోడల్, మీటరు 61,000 దాటింది. రోజూ హన్మకొండ నుంచి ములుగు పోయి వస్తా, పోను యాభై, రాను యాభై. నెల రోజుల నుంచి ఒకటే ఇబ్బంది. ఆత్మకూరు, గూడెప్పాడు దాకా మంచిగనే పోతుంది. మల్లంపల్లి దాటి గట్టమ్మ గుడి దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ గుయ్యిమని అరుస్తుంది, ఆర్‌పీఎం ముల్లు 5 వేల నుంచి 7 వేలకు ఎగురుతుంది, స్పీడు మాత్రం 55 దగ్గరనే ఉంటుంది. కొంచెం వదిలితే మళ్లీ పట్టుకుంటుంది.

నిన్న మా ఆవిడను ఎక్కించుకుని కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే కూడా అదే. దిగినాక ఇంజన్ దగ్గర కాలిన వాసన వచ్చింది.

మా ఇంటి దగ్గర షెడ్డులో చూపిస్తే క్లచ్ లూజైందని చెప్పి వైరు బిగించి పంపాడు. రెండు రోజులకు తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. మళ్లీ పోతే ఈసారి ప్లేట్లు, హౌసింగ్, హబ్బు అన్నీ మార్చాలి, 4,500 అవుతుంది అన్నాడు. డబ్బులు పెట్టడానికి నేను సిద్ధమే, కానీ అసలు రోగం ఏందో తెలియకుండా పెట్టాలంటే మనసు ఒప్పడం లేదు. మధ్యలో మల్లంపల్లి దగ్గర ఆగిపోతే ఎట్లా అని రోజూ టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

---

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, రాత్రి 10:05

అన్నా, పికప్ లేకపోవడం వేరు, స్లిప్ కావడం వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుని ప్లగ్గు మార్చి, కార్బ్యురేటర్ కడిగించి, చివరికి క్లచ్ దగ్గరికి వస్తారు. తిప్పినా ఇంజన్ శబ్దమే పెరగకపోతే, డొక్కు డొక్కుగా గుంజితే, అది పికప్ సమస్య, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, పెట్రోలు అటువైపు చూసుకోవాలి. ఇంజన్ బాగా రేజ్ అవుతూ చక్రానికి బలం రాకపోతేనే స్లిప్. నువ్వు చెప్పినదాన్ని బట్టి స్లిప్పే.

కానీ ఒకసారి చైన్ కూడా చూసుకో. వెనక స్ప్రాకెట్ పళ్లు అరిగి వంకర తిరిగినప్పుడు చైన్ పళ్ల మీద నుంచి దూకుతుంది. అప్పుడు కూడా బండి లాగదు కానీ టక్ టక్ మని దెబ్బ తగిలినట్టు ఉంటుంది, సీటు మీదికి తెలుస్తుంది. క్లచ్ స్లిప్ అట్లా ఉండదు, మెత్తగా జారినట్టు ఉంటుంది.

---

ఓరుగల్లు150 | ఆదివారం, రాత్రి 10:18

చైన్ సెట్టు నాలుగు నెలల కిందనే కొత్తది వేయించిన. దెబ్బ తగిలినట్టు అసలు లేదు. మెత్తగా జారుతుంది, సరిగ్గా మీరు చెప్పినట్టే.

---

షెడ్డు_అన్న | సోమవారం, ఉదయం 6:30

తమ్మీ, నేను నర్సంపేట రోడ్డు దిక్కు షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నీ పోస్టులో ఒక్క మాట దగ్గర నాకు పాణం ఉసూరుమన్నది. "లూజైందని వైరు బిగించాడు" అన్నవు చూడు, అదే. స్లిప్ అవుతున్న బండికి వైరు బిగించడం అంటే జ్వరం వచ్చినోడికి దుప్పటి మీద దుప్పటి కప్పడం. కావలసింది దానికి ఉల్టా పని.

లోపల ఏం జరుగుతుందో చెప్తా, ఒకసారి అర్థమైతే మళ్లీ ఎవరూ నిన్ను తప్పుదారి పట్టించలేరు. క్లచ్‌లో రెండు రకాల ప్లేట్లు ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. ఒకటి మీద రాపిడి ముక్కలు అతికించి ఉంటాయి, వీటినే మేము కార్క్ ప్లేట్లు అంటాం, ఇవి హౌసింగ్ అనే గిన్నెకు తగిలి ఇంజన్‌తో పాటు తిరుగుతాయి. రెండోది ఉత్త ఇనుప ప్లేటు, ఇది మధ్యలో ఉండే హబ్బుకు తగిలి గేరుబాక్సుతో తిరుగుతుంది. వీటన్నిటినీ ఒక ప్రెషర్ ప్లేటు, నాలుగో ఐదో స్ప్రింగులు కలిసి అదిమి పట్టుకుంటాయి. ఆ అదుము వల్లనే ఇంజన్ బలం చక్రానికి పోతుంది. నువ్వు లివర్ పట్టుకుంటే వైరు గుంజి ఆ అదుమును తీసేస్తుంది. అంతే కథ.

ఇప్పుడు ఆలోచించు. లివర్ వదిలినాక కూడా వైరు బిగుతుగా ఉంటే ఏమైతది? నీ చేయి లివర్ మీద లేకున్నా, లోపల మాత్రం ఎవరో సగం క్లచ్ పట్టుకున్నట్టే. స్ప్రింగు పూర్తి బలంతో అదమలేదు. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారి, రాసుకుని, వేడెక్కి కాలిపోతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. వైరు సాగితే లివర్ లూజు అవుతుంది. కానీ ప్లేట్లు అరిగితే చాలా బండ్లలో లివర్ లూజు కాదు, బిగుస్తుంది. ప్లేట్లు పలుచబడ్డ కొద్దీ ప్రెషర్ ప్లేటు లోపలికి జరుగుతుంది, దాంతోపాటు వైరు దిక్కు ఉండే ఖాళీ మింగేస్తుంది. అందుకే స్లిప్ వచ్చినప్పుడు మొట్టమొదట చేయాల్సింది వైరు వదలడం. వైరు బిగించాల్సింది ఎప్పుడంటే, క్లచ్ పూర్తిగా పట్టినా గేరు వేస్తే బండి ముందుకు దూకుతున్నప్పుడు, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడక సతాయిస్తున్నప్పుడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది: పొద్దుగాల ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లివర్ చివర వేలు పెట్టి మెల్లగా గుంజు. బరువు తగిలేదాకా చివర ఎంత కదులుతుందో స్కేలు పెట్టి చూడు. చాలా 100, 125, 150 బండ్లకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. కొన్ని కంపెనీలు లివర్ చివర కాకుండా మొదట్లో, హోల్డర్ దగ్గర 2–3 మిల్లీమీటర్ల సందు అని చెప్తాయి, నీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అది. హ్యాండిల్ ఇటువైపు, అటువైపు పూర్తిగా తిప్పి కూడా చూడు, తిప్పినప్పుడు వైరు గుంజుకుంటుందంటే వైరు పోనిచ్చిన దారి తప్పు.

చూసి చెప్పు. అప్పటిదాకా ప్లేట్ల మాట వద్దు.

---

ఓరుగల్లు150 | సోమవారం, ఉదయం 7:45

అన్నా, మీ పోస్టు చదివి చాయ్ కూడా తాగకుండా కిందికి పోయిన. స్కేలు పెట్టి చూసిన. అసలు ఖాళీ లేదు! లివర్ ముట్టుకుంటేనే బరువు తగులుతోంది. హ్యాండిల్ కుడివైపు తిప్పితే ఇంకా బిగుస్తోంది.

ఇప్పుడు గుర్తొచ్చింది. జూన్‌లో క్లచ్ వైరు తెగితే దారిలో ఒక షెడ్డులో కొత్తది వేయించిన. అప్పటి నుంచి లివర్ పట్టుకోగానే క్లచ్ పడుతుందని, చాలా షార్పుగా ఉందని సంతోషపడ్డ. అంటే అప్పటి నుంచే ఖాళీ లేకుండా నడిపిన్నా? జూన్ నుంచి ఇప్పటికి పదివేల కిలోమీటర్లు దాటింది.

---

షెడ్డు_అన్న | సోమవారం, ఉదయం 8:10

అదే అయ్యుంటది. కస్టమర్లకు లివర్ షార్పుగా ఉంటే ఇష్టం, అందుకని కొందరు బిగించి ఇస్తారు. కొత్త వైరు కొంచెం సాగుతుంది కాబట్టి మొదట బిగించినా తర్వాత సర్దుకుంటుందని వాళ్ల లెక్క. అన్నిసార్లూ సర్దుకోదు.

పైన లివర్ దగ్గర ఉండే గుండ్రటి నట్టును ముందు పూర్తిగా లోపలికి తిప్పేయ్. తర్వాత కింద ఇంజన్ దగ్గర ఉండే రెండు నట్లతో అసలు సెట్టింగు చేయాలి. ఒకటి లాక్ నట్టు, అది వదిలి రెండోది తిప్పితే వైరు వదులవుతుంది. లివర్ చివర ఒక 15 వచ్చేదాకా వదిలి లాక్ నట్టు బిగించు. పైన నట్టును తర్వాత చిన్న చిన్న సర్దుబాట్ల కోసం ఉంచుకో. ఆ తర్వాత నడిపి చూడు. స్లిప్ పోతే మంచిదే. పోకపోతే ప్లేట్లు కాలినట్టే.

---

మానేరు_తీరం | సోమవారం, ఉదయం 11:20

కరీంనగర్ నుంచి. అందరూ వైరు దగ్గరే ఆగారు. అన్నా, ఇంజన్ ఆయిల్ ఏది పోస్తున్నారు? ఎవరు పోశారు? గ్రేడు ఎంత? డబ్బా మీద ఏం రాసి ఉంది?

---

ఓరుగల్లు150 | సోమవారం, మధ్యాహ్నం 1:15

ఆయిల్ సెప్టెంబర్‌లో మార్పించిన. మధ్యలో తగ్గినట్టు అనిపించి మా బావ కారు సర్వీసింగ్‌లో మిగిలిన అర లీటరు పోసిన. 5డబ్ల్యూ-30 అని ఉంది, మంచి సింథటిక్, చాలా ఖరీదు కూడా. అది మంచిదే కదా?

---

మానేరు_తీరం | సోమవారం, మధ్యాహ్నం 1:50

ఖరీదైనదే కానీ మీ బండికి కాదు.

కారులో క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండదు, ఇంజన్ బయట పొడిగా ఉంటుంది. అందుకని కారు ఆయిల్‌లో, ముఖ్యంగా మైలేజీ పెంచుతాం అని రాసి ఉండే పలుచటి గ్రేడుల్లో, రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. బైకులో క్లచ్ ప్లేట్లు అదే ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ పనిచేస్తాయి, అక్కడ రాపిడి ఉంటేనే బండి పోతుంది. రాపిడి తగ్గించే ఆయిల్ పోస్తే ప్లేట్లు సబ్బు రాసినట్టు జారతాయి.

ఇదే సమస్య కోసం జపాన్ వాళ్లు 1998లో బైకు ఆయిల్‌కు జాసో అని ఒక ప్రమాణం తెచ్చారు. డబ్బా వెనక చిన్న పెట్టెలో జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్ ఉన్న బైకుకు సరైనది. ఎంఏ2 అంటే రాపిడి ఇంకా గట్టిగా ఉండేది. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు, గేరు బైకులో పోయొద్దు. గ్రేడు, అంటే 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, అది మీ బండి పుస్తకం చెప్పినట్టే. గ్రేడు ఒక్కటే చూసి కొనొద్దు, ఆ పెట్టె కూడా చూడాలి. నేను మూడేళ్ల కింద ఇదే తప్పు చేసి కొత్త ప్లేట్లు కూడా వేయించుకున్నా, అందుకే ఆయిల్ అనగానే అడుగుతా.

---

పరకాల_టీచర్ | సోమవారం, సాయంత్రం 6:35

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను స్కూటీ మీద బడికి వెళ్తాను, పరకాల నుంచి 14 కిలోమీటర్లు. నా బండికి కూడా ఇట్లాగే శబ్దం పెరుగుతుంది, కదలిక ఆలస్యంగా వస్తుంది. నాకు క్లచ్ లివరే లేదు కదా, మరి నేను ఏం సెట్ చేయాలి? మా వారి 100 సీసీ బండి కూడా ఇంట్లో ఉంది, దానికి మీరు చెప్పిన ఖాళీ చూస్తే 3 మిల్లీమీటర్లే ఉంది!

---

షెడ్డు_అన్న | సోమవారం, రాత్రి 9:00

మేడం, స్కూటీ కథ వేరు. అందులో గేర్ల బదులు ఒక రబ్బరు బెల్టు, ముందు రోలర్లు, వెనక చక్రం దగ్గర డ్రమ్ముకు అంటుకునే క్లచ్ షూలు ఉంటాయి. ఆయిల్‌లో ఉండదు, పొడిగా ఉంటుంది. యాక్సిలరేటర్ ఇస్తే వేగానికి షూలు బయటకు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. బెల్టు అరిగినా, రోలర్లు చదునైనా, షూలు అరిగినా, ఆయిల్ సీల్ పోయి షూల మీద ఆయిల్ పడినా మీరు చెప్పినట్టే ఉంటది. ఎడమవైపు కవరు విప్పి బెల్టు వెడల్పు కొలిపించండి, దానికి ఇంత అరిగితే మార్చాలి అని కంపెనీ లెక్క ఉంటుంది. బెల్టు మీద పగుళ్లు కనిపిస్తే కొలతలు కూడా అక్కర్లేదు, మార్చేయండి. తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, ఆడమనిషి ఒంటరిగా పోయే దారి, ఆలస్యం వద్దు.

మీ సారు బండికి మాత్రం ఈ రాత్రే వైరు వదలండి. 3 అంటే తక్కువ.

---

పాత_బుల్లెట్ | మంగళవారం, ఉదయం 7:10

పాత ఇంజన్ బుల్లెట్లు ఉన్నవాళ్ల కోసం ఒక మాట. మాకు క్లచ్ ఎడమవైపు ప్రైమరీ చైన్ కేసులో ఉంటుంది, దానికి ఇంజన్ ఆయిల్‌తో సంబంధం లేకుండా వేరే ఆయిల్. అందులో చెప్పినదానికంటే ఎక్కువ పోసినా, తగనిది పోసినా స్లిప్ వస్తుంది. గుర్తు పట్టడం సులువు: కిక్కు కొడితే ఇంజన్ తిరగకుండా కాలు ఖాళీగా కిందికి జారిపోతుంది, ఎందుకంటే మా బండ్లలో కిక్కు బలం కూడా క్లచ్ మీదుగానే ఇంజన్‌కు పోతుంది.

---

ఓరుగల్లు150 | గురువారం, రాత్రి 10:30

మూడు రోజుల రిపోర్టు.

సోమవారం సాయంత్రమే వైరు వదిలిన, లివర్ చివర 15 వచ్చింది. మంగళవారం పొద్దున హన్మకొండలో ఒక పెద్ద షాపులో జాసో ఎంఏ2 పెట్టె వెతికి చూసి మరీ ఆయిల్ తెచ్చిన, పాతది మొత్తం దింపి, ఫిల్టర్ కూడా మార్పించిన. పాత ఆయిల్ నల్లగా ఉండటం మామూలే కానీ దానిలో కాలిన వాసన, అది ఆయిల్ వాసన కాదు, బ్రేక్ షూ మాడినప్పుడు వచ్చే వాసన.

ఫలితం: పొద్దున చల్లగా ఉన్నప్పుడు సూపర్, స్లిప్ లేదు. కానీ ముప్పై కిలోమీటర్లు నడిపి ఇంజన్ బాగా వేడెక్కాక గట్టమ్మ ఎత్తు దగ్గర ఐదో గేరులో మళ్లీ కొంచెం జారుతోంది. ముందుకంటే చాలా తక్కువ, కానీ ఉంది.

ఒక దోస్తు గట్టి స్ప్రింగులు వేస్తే సరిపోతుంది, ప్లేట్లు వద్దు అంటున్నాడు. ఇంకొకాయన ప్లేట్లు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, పెట్రోలుతో కడిగి పెడితే మళ్లీ ఆరు నెలలు వస్తుందంటున్నాడు. ఏం చేయాలి?

---

మానేరు_తీరం | గురువారం, రాత్రి 10:55

వేడెక్కాక, పై గేరులో, బరువు మీద జారుతుందంటే ప్లేట్లు కాలినట్టే. ఉప్పు కాగితం వద్దు. ఆ రాపిడి ముక్కల మందమే తక్కువ, దాన్ని ఇంకా రుద్దితే మిగిలేది ఏముంటుంది? పైన మెరుపు పోయి వారం రోజులు పట్టినట్టు ఉంటుంది, తర్వాత అదే పాట. విప్పిన ప్యాకింగు (కవరు సందులో ఆయిల్ కారకుండా వేసే పొర), దింపిన ఆయిల్, ఒక ఆదివారం వృథా.

---

షెడ్డు_అన్న | శుక్రవారం, ఉదయం 6:15

గట్టి స్ప్రింగులు వద్దు తమ్మీ. కంపెనీ స్ప్రింగు ఎంత బలంతో ఉండాలో లెక్క వేసే పెట్టింది. నీ ప్లేట్లు కాలితే గట్టి స్ప్రింగు దాన్ని కొన్నాళ్లు దాచిపెడుతుంది, లివర్ బరువెక్కుతుంది, వైరు మీద, రిలీజ్ బేరింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ములుగు దాకా రోజూ నడిపేవాడికి సాయంత్రానికి వేళ్లు గుంజుతాయి. కొత్త ప్లేట్లతో పాటు కంపెనీ స్ప్రింగులే కొత్తవి వేసుకో, అంతే.

ఇంట్లో విప్పగలవా? కష్టం కాదు, ఓపిక కావాలి. హౌసింగ్ మార్చాలంటే మధ్యలో నట్టు విప్పాలి, దానికి స్పెషల్ టూల్ కావాలి, అది ఇంట్లో వద్దు. ప్లేట్లకు మాత్రం ఆ నట్టు ముట్టే పని లేదు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త, దీన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకో: స్ప్రింగుల మీది బోల్టులు ఒకటే పూర్తిగా విప్పి తర్వాత ఇంకొకటి విప్పొద్దు. ఎదురెదురుగా, ఒక్కో దానికి సగం చుట్టు చొప్పున. బిగించేటప్పుడు కూడా అట్లనే. ఆ బోల్టులు దిగే కాళ్లు అల్యూమినియంవి, గట్టిగా బిగిస్తే టక్కున విరుగుతాయి. నా షెడ్డుకు అట్లా విరిగినవి పట్టుకొచ్చినవాళ్లు చాలామంది. బోల్టు కూర్చుంటే చాలు, బలం చూపించొద్దు.

---

ఐటీఐ_కుర్రాడు | శుక్రవారం, రాత్రి 8:40

అన్నా, నేను వరంగల్‌లో మోటార్ మెకానిక్ ట్రేడు చదువుతున్నా. విప్పాక ఊరికే చూసి పోయింది, బాగుంది అనుకోకండి, వెర్నియర్‌తో (మందం కొలిచే స్కేలు) కొలవండి. 150 లోపు బండ్ల కార్క్ ప్లేట్లు చాలావరకు కొత్తవి 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, 2.6 దగ్గరికి వస్తే మార్చాల్సిందే. ఖచ్చితమైన లెక్క మీ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఇనుప ప్లేటును అద్దం ముక్క మీద పరిచి చుట్టూ 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) పట్టిస్తే, అది దూరితే ప్లేటు వంగినట్టు. నీలం రంగు వచ్చి ఉంటే బాగా కాలినట్టు. స్ప్రింగులను కొత్తదాని పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే తేల్చుకోవచ్చు. మీరు హన్మకొండలో ఉంటే నా వెర్నియర్ ఇస్తా, ఆదివారం ఖాళీనే.

---

ఓరుగల్లు150 | శుక్రవారం, రాత్రి 9:05

తమ్ముడూ, తప్పకుండా రా. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

---

ఓరుగల్లు150 | ఆదివారం, రాత్రి 11:10

అయిపోయింది! చేతులు ఇంకా ఆయిల్ వాసన వస్తున్నాయి, అయినా ఇప్పుడే రాయాలనిపించింది.

ఆయిల్ శుభ్రమైన డబ్బాలోకి దింపినం, మొన్ననే పోసిన కొత్తది కాబట్టి. కుడివైపు కవరుకు పది దాకా బోల్టులు ఉన్నాయి, పొడుగు ఒక్కోటి ఒక్కో రకం. ఐటీఐ తమ్ముడు చెప్పినట్టు అట్ట ముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చినం. ఇది చేయకపోతే బిగించేటప్పుడు నేను కచ్చితంగా తప్పు పెట్టేవాడిని. పాత ప్యాకింగు కవరుకు అతుక్కుని రాలేదు. చెక్క ముక్కతో మెల్లగా గీకితే అరగంట పట్టింది, ఇనుప స్క్రూ డ్రైవర్ వద్దని తమ్ముడు గట్టిగా చెప్పాడు, గీత పడితే తర్వాత ఆయిల్ కారుతుందట.

ప్రెషర్ ప్లేటు తీయగానే ఆ మాడు వాసన గుప్పుమంది. మొదటి కార్క్ ప్లేటు చేతిలోకి తీసుకున్నా. దాని మీద ముక్కల మధ్య గాడులు ఉండాలి కదా, ఆయిల్ పోవడానికి, కొన్నిచోట్ల ఆ గాడులు కనిపించడమే లేదు. అద్దంలా నున్నగా, నల్లగా, వేలితో రుద్దితే జారుతోంది. వెర్నియర్‌లో 2.4 వచ్చింది, ఇంకోటి 2.5. ఇనుప ప్లేట్లలో మధ్యవి రెండు నెమలి ఈక రంగులో నీలంగా మెరుస్తున్నాయి, అద్దం మీద పెడితే ఒకటి కొంచెం ఊగింది. స్ప్రింగులు కొత్తవాటి కంటే ఒక మిల్లీమీటరు పైనే పొట్టిగా ఉన్నాయి.

హౌసింగ్ వేళ్ల మీద ప్లేటు చెవులు తగిలి చిన్న గాట్లు పడ్డాయి. గోరు పెడితే తెలుస్తోంది కానీ లోతు లేవు. అందుకని హౌసింగ్ మార్చలేదు. షెడ్డు అన్నా, ఇది సరైనదేనా చెప్పండి.

కొత్త కార్క్ ప్లేట్లు శనివారం రాత్రే తెచ్చి, ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టిన. పొడిగా వేస్తే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే కాలతాయని షాపాయన కూడా చెప్పాడు. ఇనుప ప్లేట్లు కూడా కొత్తవే, స్ప్రింగులు కొత్తవి, ప్యాకింగు కొత్తది. అన్నీ కలిపి 1,350 అయింది, ఆయిల్ వేరు. 4,500 చెప్పినచోట.

సాయంత్రం మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని కాజీపేట బ్రిడ్జి రెండుసార్లు ఎక్కి దిగినం. మూడో గేరులో నిలబెట్టి తిప్పితే ముల్లు ఎంత పైకి పోతే బండి కూడా అంతే పోతోంది. "ఇప్పుడు గుంజుతోంది" అని వెనక నుంచి తనే అంది.

---

షెడ్డు_అన్న | సోమవారం, ఉదయం 6:20

శభాష్ తమ్మీ, ఐటీఐ తమ్ముడికి కూడా. హౌసింగ్ గాట్లు గోరుకు తగిలేంతవి అయితే ఇప్పటికి నడిపించు. గాట్లు లోతుగా పడితే ప్లేట్లు వాటిలో చిక్కుకుని జరగవు, క్లచ్ పడినప్పుడు కుదుపు వస్తుంది, గేరు వేస్తే బండి ముందుకు దూకుతుంది. ఆ గుర్తులు వస్తే అప్పుడు హౌసింగ్ మార్చుకో, ఇప్పుడే 2,000 పెట్టి మార్చే పని లేదు.

మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు సిగ్నల్ దగ్గర ఒక్కసారిగా దూకించకు. సగం క్లచ్ పట్టుకుని ఎత్తు మీద బండిని నిలబెట్టకు, దానికి బ్రేకు ఉంది. కొత్త ప్లేట్లు కూర్చునే కొద్దీ లివర్ ఖాళీ మారుతుంది, వారానికి ఒకసారి స్కేలు పెట్టి చూడు.

ఇంకొకటి, మొన్నటి నుంచి అడగాలనుకుంటున్నా. నడుపుతున్నప్పుడు రెండు వేళ్లు లివర్ మీద ఆనించి ఉంచే అలవాటు ఉందా?

---

ఓరుగల్లు150 | సోమవారం, ఉదయం 9:30

ఉందన్నా. ములుగు రోడ్డు మీద గేదెలు, మేకలు అడ్డం వస్తాయని ఎప్పుడూ రెండు వేళ్లు ఆనించే ఉంచుతా. ఇవాళ పొద్దున గూడెప్పాడు దాకా బుద్ధిపూర్వకంగా చేయి హ్యాండిల్ గ్రిప్పు మీదే పెట్టుకుని పోయిన, రెండు మూడుసార్లు వేళ్లు వాటంతట అవే లివర్ మీదికి పోయినయి.

---

షెడ్డు_అన్న | సోమవారం, ఉదయం 9:50

మెల్లగా అలవాటైతది. బ్రేకు లివర్ మీద ఉంచు, ఆపేది అదే. క్లచ్ మీద ఆనించినా స్ప్రింగు బలం కొంత పోతుంది, పైన చెప్పిన బిగిసిన వైరు కథే మళ్లీ.

---

పరకాల_టీచర్ | మంగళవారం, రాత్రి 8:15

షెడ్డు అన్నగారికి చెప్పాలి. స్కూటీ కవరు విప్పించాను, బెల్టు లోపలివైపు పళ్ల మధ్య పగుళ్లు, ఒకచోట దారాలు బయటికి వచ్చి ఉన్నాయి. మెకానిక్ చూసి ఇంకో వారం కూడా వచ్చేది కాదన్నాడు. బెల్టు, రోలర్లు రెండూ మార్పించాను. మా వారి బండికి వైరు వదిలాను, నేనే, స్కేలు పెట్టి 15 దాకా. ఆయన లివర్ లూజుగా ఉంది, బాగాలేదు అని గొడవ. రెండు రోజులు నడిపాక మాత్రం రేగొండ వెళ్లేటప్పుడు బండి తేలికగా పోతోందని ఆయనే ఒప్పుకున్నారు.

---

ఓరుగల్లు150 | ఆదివారం, రాత్రి 9:20

వారం అయింది, 610 కిలోమీటర్లు. లివర్ ఖాళీ 15 నుంచి 12కు వచ్చింది, మళ్లీ 15 చేసిన. గట్టమ్మ దగ్గర ఎత్తు నిన్న ఐదో గేరులోనే ఎక్కిన, వెనక మా తమ్ముడు, ఒళ్లో బియ్యం బస్తా, 25 కిలోలది. ముల్లు, స్పీడు రెండూ కలిసే కదిలినయి. గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టినం.